ఫిజియో చేయిస్తున్నాం కదా, మళ్లీ ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఎందుకు?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ. నాన్నగారికి 64 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఆరు వారాలైంది, ఎడమవైపు చెయ్యీ కాలూ పడిపోయాయి. ఫిజియోథెరపీ వల్ల ఇప్పుడు కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. డాక్టరుగారేమో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ని కూడా కలవమన్నారు. వెళ్లి చూస్తే అక్కడ ఒక పెద్దాయన చేత గోలీలు ఏరిస్తున్నారు, పక్క గదిలో ఒక పిల్లాడు ఉయ్యాల ఊగుతున్నాడు. "ఇది వైద్యమా, ఆటలా? ఫిజియో సరిపోదా? నెట్‌లో చూస్తే పిల్లలకూ వీళ్లే, మానసిక సమస్యలకూ వీళ్లే, ఆఫీసు కుర్చీలకూ వీళ్లే. ఒక్క చదువుతో ఇన్ని పనులు ఎలా చేస్తారు?" అని అడిగారు. చివర్లో మాటవరసకి ఇంకో సంగతి రాశారు: నాన్నగారు ఈమధ్య ప్లేటులో సగం వదిలేస్తున్నారని, ఆకలి తగ్గిందేమోనని. నిజానికి ఆ ఒక్క వాక్యం చూసే నేను రాయడానికి కూర్చున్నాను. దాని దగ్గరికి వస్తాను.

ముందు సూటిగా జవాబు. ఫిజియో ఒక్కటే సరిపోదు, ఇద్దరూ కావాలి. ఫిజియోథెరపిస్ట్ నాన్నగారిని మంచం మీంచి లేపి బాత్రూమ్ దాకా నడిపిస్తారు. బాత్రూమ్ లోపలికి వెళ్లాక ఒక్క చేత్తో పైజామా బొందు ఎలా విప్పుకోవాలి, తడి నేల మీద ఎలా తిరగాలి, సబ్బు జారితే ఏం చేయాలి, మళ్లీ బట్టలు ఎలా వేసుకోవాలి అన్నది మా ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌ల పని. మరీ మోటుగా చెప్పానని తెలుసు. ఇద్దరి పనీ చాలాచోట్ల కలిసిపోతుంది, ఒకరు చేసేది ఇంకొకరూ చేస్తుంటారు. కానీ చూసే చూపు వేరు. వాళ్లు కదలిక దగ్గర మొదలుపెడతారు, మేం రోజు దగ్గర మొదలుపెడతాం. "మీకు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏ పని ఆగిపోయింది?" అన్నదే మా మొదటి ప్రశ్న.

ఈ పేరు దగ్గరే అందరికీ తికమక. ఆక్యుపేషన్ అనగానే ఉద్యోగం అనుకుంటారు. ఉద్యోగం ఇప్పించే థెరపీయా అని నన్ను అడిగినవాళ్లు ఉన్నారు. ఇక్కడ ఆ మాటకి అర్థం మనిషి కాలాన్ని నింపే పని ఏదైనా అని. పళ్లు తోముకోవడం, లెక్కలు రాసుకోవడం, మొక్కలకు నీళ్లు పోయడం, స్నేహితుడికి ఫోన్ చేయడం, అన్నీ. 1917 మార్చిలో అమెరికాలో ఈ వృత్తికి మొదటి సంఘం పెట్టిన ఆరుగురిలో జార్జ్ బార్టన్ అనే ఆయన డాక్టరు కాదు, భవనాలకు ప్లాన్లు గీసే ఆర్కిటెక్ట్. క్షయతో బాధపడి, కాలికి ఆపరేషన్ అయ్యాక ఆయనకు కూడా ఎడమవైపు పట్టు తప్పింది. తోటపని, చెక్కపని చేసుకుంటూ కోలుకున్నాడు. ఆ సంఘం పెట్టిన మీటింగ్ జరిగింది కూడా ఆయన ఇంట్లోనే. అంటే ఈ వృత్తిని మొదలుపెట్టినవాళ్లలో ఒక పేషెంట్ ఉన్నాడన్నమాట. ఆ సంగతి నాకు ఇప్పటికీ ఇష్టం.

ఇక నాన్నగారి విషయం. చొక్కా వేసుకోవడాన్నే తీసుకుందాం, ఎందుకంటే మా పని ఏమిటో దాంట్లో మొత్తం కనిపిస్తుంది.

మామూలుగా మనం చొక్కా ఎలా వేసుకుంటామో మనకే తెలియదు. పడిపోయిన చెయ్యి ఉన్న మనిషి అలవాటు కొద్దీ ముందు బాగున్న చేతిని దూర్చేస్తాడు. అంతే, ఇక రెండో చేతికి చొక్కా చాలదు. వెనక్కి లాగలేడు, భుజం నొప్పి పుడుతుంది, విసుగొస్తుంది, "నువ్వే వెయ్యమ్మా" అంటాడు. ఆ రోజు నుంచి ఇంట్లోవాళ్లే వేస్తారు. నేను చేయించేది ఇలా ఉంటుంది: చేతులు లేని గట్టి కుర్చీలో కూర్చోవాలి, పాదాలు రెండూ నేలకు ఆనాలి. చొక్కా లోపలివైపు పైకి ఉండేలా ఒళ్లో పరచుకోవాలి. ఎడమ చెయ్యి దూరాల్సిన స్లీవ్‌ని మోకాళ్ల మధ్యకు వేలాడదీయాలి. కొంచెం ముందుకు వంగితే పడిపోయిన చెయ్యి తన బరువుకే అందులోకి జారుతుంది. కుడి చేత్తో స్లీవ్‌ని మోచేయి దాటేదాకా, ఆపైన భుజం మీదికి లాక్కోవాలి. మోచేయి దాటకుండా తొందరపడితే మొత్తం మళ్లీ జారిపోతుంది, నూటికి తొంభైమంది తప్పు చేసేది అక్కడే. తర్వాత కుడి చేతిని మెడ వెనక్కి పోనిచ్చి కాలర్ పట్టుకుని ఇటు తెచ్చుకుని, అప్పుడు కుడి చెయ్యి దూర్చాలి. గుండీలు కింద నుంచి పైకి పెట్టుకోవాలి, ఎందుకంటే కింది గుండీ కంటికి కనిపిస్తుంది, రెండు అంచులూ సరిపోయాయో లేదో తెలుస్తుంది. విప్పేటప్పుడు అంతా తలకిందులు: బాగున్న చెయ్యి ముందు, పడిపోయిన చెయ్యి చివర.

వేసేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, తీసేటప్పుడు చివర. ఇది ఒక్కటి ఇవాళే ఇంట్లో మొదలుపెట్టండి.

ఈ పనిలో ఎన్ని ఉన్నాయో చూడండి. పక్కకి ఒరిగిపోకుండా కూర్చోవడం, ఏది ముందో ఏది వెనకో గుర్తుండడం, ఎడమవైపు ఒక చెయ్యి ఉందన్న స్పృహ, వేళ్ల పట్టు, ఓపిక. ఎక్కడ తెగిందో అక్కడే పట్టుకోవాలి. చేతిలో బలం తెప్పించగలిగితే అది చేస్తాం. అది ఇప్పట్లో కుదరదంటే పని చేసే పద్ధతి మారుస్తాం. అదీ చాలకపోతే వస్తువునో, చోటునో మారుస్తాం: గుండీల బదులు వెల్క్రో, నిలబడే బదులు కుర్చీ. మనిషి, పని, చోటు. ఈ మూడింట్లో ఏది మార్చాలో తేల్చుకోవడమే మా చదువంతా. మీరడిగిన "ఒక్క చదువుతో ఇన్ని ఎలా" అన్నదానికి జవాబు కూడా ఇదే. వార్డు మారుతుంది, మనిషి మారతాడు, ప్రశ్న మారదు.

ప్లేటు సంగతి. ఆయన వదిలేసే సగం ఏ సగం? ఎప్పుడూ ఎడమవైపే అయితే అది ఆకలి సమస్య కాకపోవచ్చు. రేపు తింటూ ఆపేసినప్పుడు ఏమీ మాట్లాడకుండా ప్లేటుని సగం చుట్టు తిప్పి పెట్టండి. మళ్లీ తినడం మొదలుపెడితే, ఆ సగం ఉందని ఆయనకు తెలియనే లేదన్నమాట. మెదడు కుడివైపు దెబ్బ తిన్నవాళ్లలో ఇది తరచూ చూస్తాం. కన్ను బాగానే ఉంటుంది, కానీ మెదడు ఎడమవైపు లోకాన్ని లెక్కలోకి తీసుకోదు. ఎడమ పక్కన కూర్చుని పిలిస్తే పలకరు, నడుస్తూ ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకుంటారు, పేపరు చదివితే వాక్యం మధ్య నుంచి చదివి "అర్థం లేకుండా రాశారు" అంటారు. కొందరిలో చూపులోనే ఒక పక్క పోయి ఉండొచ్చు, అది వేరే సమస్య. రెంటికీ తేడా పరీక్ష చేసి చెప్పాలి కాబట్టి డాక్టరుగారికీ, థెరపిస్ట్‌కీ తప్పకుండా చెప్పండి. ఇంట్లోవాళ్లు దీన్ని మొండితనం అనో, మతిమరుపు అనో అనుకుని కేకలేస్తుంటారు. ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు.

దీనికి మేం చేసేవాటిలో ఒకటి, ప్లేటు లేదా పుస్తకం ఎడమ అంచున ఎర్రటి టేపు అంటించి "ఎర్ర గీత కనపడేదాకా తల తిప్పండి" అని అలవాటు చేయడం. ఇంకో జాగ్రత్త: ఈ లక్షణం ఉందని తేలితే ఆయన్ని ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి, వాహనం తాళాలు ఇవ్వకండి. నడక బాగుపడే కొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది, అది చాలామందికి తట్టదు.

గోలీల గురించి. మీరు చూసిన పెద్దాయన ఆట ఆడటం లేదు. గోలీ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పారిపోతుంది. దాన్ని ఎత్తాలంటే మణికట్టు కొంచెం పైకి లేచి నిలబడాలి, బొటనవేలు చూపుడువేలికి ఎదురుగా రావాలి, ఎంత గట్టిగా పట్టుకోవాలో వేలికొన చెప్పాలి. గోలీ ఎత్తగలిగిన చెయ్యి రేపు మాత్రను ఎత్తుతుంది, తాళం చెవిని తిప్పుతుంది. కానీ ఇక్కడ నాకో ఫిర్యాదు ఉంది, అది మా వృత్తి మీదే. నెలల తరబడి గోలీలూ, క్లిప్పులూ, శంకువులూ తప్ప ఇంకేమీ చేయించని చోట్లు చూశాను. గోలీ దగ్గర ఆగిపోతే అది నిజంగా ఆటే. అసలు పని మీద సాధన జరగాలి. తాళం తిప్పాలంటే చివరికి తాళమే తిప్పించాలి.

చేతికి ఏ కొంచెం కదలిక ఉన్నా, బాగున్న చేతికి గ్లోవ్ తొడిగి, పడిపోయిన చేత్తోనే రోజుకి గంటల కొద్దీ పని చేయించే పద్ధతి ఒకటి ఉంది. అసలు పద్ధతిలో రెండు వారాలపాటు, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం గ్లోవ్ ఉండాలి, రోజుకి ఆరు గంటల దాకా సాధన. అందరికీ పనికిరాదు. మణికట్టునీ, వేళ్లనీ స్వయంగా కొంచెమైనా పైకి ఎత్తగలిగితేనే. చదివి ఉత్సాహపడి ఇంట్లో మీరే మొదలుపెట్టకండి. ఒంటి చేత్తో కర్ర పట్టుకునే మనిషికి ఆ చేతిని కట్టేస్తే పడిపోతారు.

భుజం జాగ్రత్త. లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టుకుని లాగకండి, చంక కింద చెయ్యి వేసి ఎత్తకండి. కండరాల పట్టు లేని భుజం కీలు వదులుగా వేలాడుతుంది, ఒక్క లాగుడుకి నెలల నొప్పి పట్టుకుంటుంది. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు పెట్టండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, మిగతా చోట్ల మేం చేసేది. నేను 21 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదట పక్షవాతం వార్డు, తర్వాత చేతి ఆపరేషన్ల విభాగం, కొన్నాళ్లు పిల్లలు, ఇప్పుడు ఎక్కువగా ఇళ్లకు వెళ్లి చూస్తున్నాను.

చేతి విభాగం నాకు చాలా నేర్పింది. వేలిని ముడిచే టెండన్, అంటే కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటిది, తెగితే సర్జన్ గంటలో కుట్టేస్తారు. ఆ తర్వాత మూడు నెలలు మా చేతిలో. అస్సలు కదపకపోతే కుట్టిన టెండన్ చుట్టుపక్కల కండకు అతుక్కుపోయి వేలు బిగుసుకుపోతుంది. ఎక్కువ కదిపితే పుటుక్కుమంటుంది. ఈ రెంటి మధ్య సన్నటి దారిలో నడిపించాలి. వేడినీళ్లలో వేస్తే మెత్తబడే ప్లాస్టిక్ షీటుతో ఆ చేతికే సరిపడే స్ప్లింట్, అంటే చేతిని సరైన భంగిమలో నిలిపి ఉంచే గట్టి తొడుగు, అక్కడికక్కడ చేస్తాం. చల్లారి గట్టిపడేలోపు ఒకటి రెండు నిమిషాల్లో మలచాలి. వడ్రంగి ఒకతను నాలుగో వారంలో స్ప్లింట్ తీసి పెట్టె ఎత్తాడు. "నొప్పి లేదు కదా మేడమ్, బాగైపోయిందనుకున్నా" అన్నాడు. నొప్పి పోవడానికీ, టెండన్ గట్టిపడటానికీ సంబంధం లేదని నేను అతనికి చెప్పాననే అనుకున్నాను. చెప్పడం వేరు, అతనికి ఎక్కడం వేరు. రెండోసారి ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి నేను చెప్పింది పేషెంట్ చేత తిరిగి చెప్పించుకుంటాను.

కాలిన గాయాలవాళ్ల దగ్గర ఇంకో రకం యుద్ధం. ఏ భంగిమలో హాయిగా ఉంటుందో ఆ భంగిమలోనే చర్మం ముడుచుకుని అతుక్కుపోతుంది. మెడ కాలినవాళ్లు దిండు అడుగుతారు, మేం ఇవ్వం. అందరి కంటే ఎక్కువ తిట్లు తిన్నది అక్కడే.

పిల్లల దగ్గర మీరు చూసిన ఉయ్యాల కూడా ఊరికే పెట్టింది కాదు. ఒంటికి తగిలే స్పర్శని, ఊగడాన్ని, కీళ్ల మీద పడే ఒత్తిడిని మెదడు ఎలా సర్దుకుంటుందన్న దాని మీద జీన్ ఏయర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ చేసిన పని నుంచి అది వచ్చింది. ఉపయోగం ఉంటుంది, కానీ దీని పేరుతో జరిగే ప్రతిదానికీ గట్టి ఆధారం లేదు. బరువు జాకెట్లు తొడిగితే ఏకాగ్రత వస్తుందనే మాటకి ఆధారాలు బలహీనమే. ఉయ్యాల ఊగాక పిల్లాడు ఇంటి దగ్గర, బడిలో ఏ పని కొత్తగా చేయగలుగుతున్నాడో అడగండి. జవాబు లేకపోతే ఆలోచించుకోవాలి. ఒకసారి చేతిరాత బాగోలేదని ఎనిమిదేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చారు, నాలుగు రకాల పెన్సిల్ గ్రిప్పులు అప్పటికే కొన్నారు. కూర్చోబెట్టి చూస్తే కాళ్లు నేలకి అందడం లేదు, బల్ల చంక దాకా ఉంది. పడిపోకుండా ఎడమ చేత్తో బల్ల అంచు పట్టుకుంటున్నాడు, కాగితం పట్టుకోవడానికి చెయ్యి లేదు. కాళ్ల కింద పీట వేశాం. అన్ని కేసులూ ఇంత సులువు కాదు, కానీ వేళ్ల దాకా వెళ్లే ముందు పాదాలు చూడాలి.

మానసిక ఆరోగ్యం అనగానే "వీళ్లు కౌన్సెలింగ్ కూడా చేస్తారా" అంటారు. మాటలతో చేసే వైద్యం మా అసలు పని కాదు. తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న కుర్రాడు ఒకతను పగలంతా పడుకునేవాడు, రాత్రంతా ఫోన్. "మనసు బాగైతే లేస్తాను" అనేవాడు. మేం అటు నుంచి కాక ఇటు నుంచి వెళ్లాం. మొదటి వారం ఒక్కటే పని: తొమ్మిదికి కిటికీ తెర తీయడం. తీసి మళ్లీ పడుకోవచ్చు. రెండో వారం తెర తీశాక మొహం కడుక్కోవడం. అయిదో వారానికి బస్‌స్టాప్ దాకా వెళ్లి, బస్సు ఎక్కకుండా తిరిగి వచ్చాడు. ఇంట్లోవాళ్లకి ఇది మరీ చిన్నపిల్లల వ్యవహారంలా అనిపించింది. మందులు వాడుతూనే ఉన్నాడు, డాక్టరుగారు చూస్తూనే ఉన్నారు, నేను వాటి జోలికి పోలేదు. రోజుకి ఒక ఆకారం తేవడమే నా వంతు. ఈ వృత్తికి వేళ్లు కూడా అక్కడే ఉన్నాయి. మానసిక రోగులను గొలుసులతో కట్టేసే కాలంలో, 1796లో, ఇంగ్లండ్‌లోని యార్క్‌లో విలియం ట్యూక్ నడిపిన ఆశ్రమంలో వాళ్లని మనుషుల్లా చూసి పనీ, దినచర్యా ఇచ్చారు.

పెద్దవాళ్ల ఇళ్లలో పని ఎక్కువగా చోటు మార్చడమే. వీల్‌చైర్‌కి ర్యాంపు వేస్తే అడుగు ఎత్తుకి కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. ఎవరూ నమ్మరు, నాలుగడుగుల్లో వేసేసి "ఎక్కడం లేదు" అంటారు. తెల్ల టైల్స్ మధ్య తెల్ల కమోడ్ చూపు మందగించినవాళ్లకి కనిపించదు, ముదురు రంగు సీటు వేస్తే చాలు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకి నేర్పడం కంటే దారి సులువు చేయడం మేలు, వాళ్ల బీరువా నుంచి ఆ రోజు బట్టలు తప్ప మిగతావి తీసేయమంటాను. ఆఫీసు కుర్చీల పని కూడా చేస్తాం, దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు: మంచి కుర్చీ కన్నా అరగంటకోసారి లేవడం ముఖ్యం.

నా తప్పు ఒకటి చెప్తాను, థెరపిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు మీకు పనికొస్తుంది. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఒకావిడకి, నేను కొత్తలో, సంచి నిండా సామాను ఇచ్చాను. లావు పిడి స్పూను, గుండీలు పెట్టే కొక్కెం, పొడుగు పిడి దువ్వెన, సీసా మూత తిప్పేది. నెల తర్వాత వెళ్తే సంచి ముడి కూడా విప్పలేదు. కోపం వచ్చింది, కాసేపటికి సిగ్గేసింది, ఎందుకంటే అప్పుడు అడిగాను, "అసలు మీకేం చేయాలనుంది?" అని. "మనవరాలికి జడ వేయాలి. నా బట్టలు మా కోడలు వేస్తుంది, ఫర్వాలేదు" అంది. ఆవిడని ఎత్తు కుర్చీలో, పిల్లని చిన్న పీట మీద కూర్చోబెట్టాం. భుజాలు ఎత్తక్కర్లేకుండా జుట్టు ఒళ్లోకి వచ్చింది. వెడల్పు పళ్ల దువ్వెనకి స్పాంజి చుట్టాం. మూడు పాయలు ఒక్క బిగిన కాకుండా మధ్యలో క్లిప్పు పెట్టి, చేతులకి విరామం ఇచ్చి వేయడం అలవాటైంది. ఇప్పుడైతే తనకు ఏ పని ముఖ్యమో, ఎంత బాగా చేస్తున్నానని అనుకుంటున్నారో పేషెంట్ చేతే 1 నుంచి 10 దాకా మార్కులు వేయించుకుని అప్పుడే మొదలుపెడతాను.

అందుకని మొదటి రోజు వెళ్లినప్పుడు ఆయన్ని ఏం అడుగుతున్నారో గమనించండి. "మీ రోజు ఎలా గడుస్తుంది, ఏ పని చేయాలనుంది" అని నాన్నగారినే అడిగితే, మిమ్మల్ని కాదు ఆయన్ని, సరైన చోటికి వచ్చినట్టే. ఇల్లు చూస్తామనో, బాత్రూమ్ ఫొటోలు తెమ్మనో అంటే ఇంకా మంచిది. అందరికీ ఒకే వ్యాయామాల కాగితం ఇచ్చి పంపితే, లేదా చెయ్యి మొత్తం మునుపటిలా అవుతుందని మొదటి రోజే మాట ఇస్తే, ఇంకొకర్ని చూసుకోండి. కదలిక తిరిగి రావడంలో మొదటి మూడు నెలల్లో వేగం ఎక్కువ ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది. మీరు ఆరో వారంలో ఉన్నారు కాబట్టి వాయిదా వేయకండి. కానీ చెయ్యి ఆగినచోట పని ఆగక్కర్లేదు, ఒంటి చేత్తో పనులు నేర్చుకోవడం ఏడాది తర్వాత కూడా సాగుతుంది.

మీ వైపు నుంచి ఒక సాయం. ఆయన గుండీలతో కుస్తీ పడుతుంటే గడియారం చూసుకుని అయిదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి. కష్టమే. ఇంట్లోవాళ్ల ప్రేమే ఎక్కువగా పని లాగేసుకుంటుంది.

ప్లేటు తిప్పి చూశాక ఏం జరిగిందో ఇక్కడే రాయండి. దాంతోపాటు ఇంకొకటి చూసి చెప్పండి: గడ్డం తనే గీసుకుంటున్నారంటే, ఎడమ చెంప కూడా గీసుకుంటున్నారా?